ఇస్త్రీపెట్టె

ఈ ఇటుక రంగేమిటో ఇక్కడ ఏ ఇద్దరూ ఒప్పుకోరు.
వానకి తడిస్తే కార్జం,
ఎండ తగిలితే ఎండిన నారింజ తొక్క.
షానన్ నది మీంచి మంచు దిగిన పూట
అసలు రంగే లేదంటాడు
నా దగ్గర వడ్రంగం నేర్చుకుంటున్న కొనెల్.

లిమరిక్‌లో, ఈ వీధికి పడమటి పక్క, ఏడో ఇల్లు.
రక్షిత కట్టడం.
మేకు కొట్టాలన్నా అర్జీ పెట్టుకోవాలి.

తలుపు మీద విసనకర్రలా విప్పుకున్న గాజు.
నేలలోకి దిగిన వంటిల్లు, పక్కన బొగ్గు కొట్టు.
మొదటి అంతస్తులో, అతిథులు కూచునే చోట,
మనిషికి రెండింతల కిటికీలు.
ఆపైన కొంచెం పొట్టి.
ఆపైన ఇంకా పొట్టి.
పిట్టగోడ కిందికి వచ్చేసరికి
పనమ్మాయి మొహానికి సరిపడా వెలుతురు చాలని
ఎవడో స్కేలు పెట్టి గీశాడు.
వీధవతల నిలబడి చూసేవాళ్ళు దాన్ని నిష్పత్తి అంటారు.
కొలతలు తీసి పొట్ట పోసుకునేదాన్ని,
నేనూ అలాగే అంటాను, పగటిపూట.

ముందుగోడలో ఒక ఇటుక పొడవు, ఒక ఇటుక తల,
మళ్ళీ పొడవు, మళ్ళీ తల,
ఎక్కడా తాళం తప్పదు.
ఆ తలలన్నీ గోడ లోతుకంటా పోయి
వెనక రాతిని పట్టుకున్నాయనుకుంటాం.
సగానికి విరిచి అతికించినవే చాలా మటుకు.
వాటి వెనక గండ్రాయి, సున్నం, తొందర.
పైన పటారం, లోన లొటారం.
అయినా రెండు వందల ముప్ఫై ఏళ్ళుగా నిలబడింది.
ఎలాగో నన్నడక్కండి.

మమ్మల్ని పిలిచింది పై కిటికీ కోసం.
ఇంటాయన ఫెలిమ్ హార్టీ పళ్ళ డాక్టరు,
కింద రోగులు మూలుగుతుంటే
పైన మేం ముప్ఫై పొరల రంగు గీకాం.

జారుడు కిటికీ రహస్యం చట్రంలో ఉంటుంది.
అద్దం పైకి లేస్తుంటే
చెక్క మాటున, చీకట్లో,
అంత బరువూ కిందికి దిగుతుంది.
తాడు తెగితే ఆ లెక్క చెడుతుంది.
పక్కచెక్క ఊడదీసి చెయ్యి పెట్టాను.
పోత ఇనుప కడ్డీ ఉండాల్సిన చోట
పిడి విరిగిన ఇస్త్రీపెట్టె.
దాని మెడకి మేజోడు కట్టి ఉంది,
మేజోడు నిండా ఏటి గులకరాళ్ళు.

తూచాం.
ఇస్త్రీపెట్టె మూడు కిలోలు,
రాళ్ళు అరకిలోకి పిసరు తక్కువ.
అవతలి వైపు అసలు కడ్డీతో సరిగ్గా సరి.
ఒక్కో రాయీ వేసి, కిటికీ లేపి, చూసి,
మళ్ళీ దించి ఇంకోటి వేసిన చెయ్యి ఎవరిదో.
ఆ గదికి అద్దె కట్టలేని ఏ ఏడాదిలోనో.

పురపాలక సంఘం నుంచి డెనీహన్ వచ్చాడు,
మోకాళ్ళ మీద కూచుని టార్చి వేశాడు.
అతని ఫారంలో రెండే గళ్ళు:
‘అసలుది’, ‘తరవాత చేర్చింది’.
కలం మూత తీశాడు. పెట్టాడు.
“ఆ మేజోడు ఉతకకండి,” అని మాత్రం చెప్పి
మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

కొత్త తాడు మైనం పట్టించి ఎక్కించాం.
అంతా ఎక్కడిదక్కడే పెట్టాం.
కిటికీ లేపి చెయ్యి వదిలాను.
అంగుళం జారింది.
మళ్ళీ లేపాను. మళ్ళీ అంగుళం.
గిలక చూశాను, గాడి చూశాను, నా కళ్ళజోడు తుడుచుకున్నాను.

అప్పుడు కొనెల్ చెవులు
ఈ గోడ ఎప్పుడూ ఎరగని ఎరుపెక్కాయి.
జేబులోంచి ఒక గులకరాయి తీసి
నా అరచేతిలో పెట్టాడు.
వెచ్చగా ఉంది.